దారి దిద్దుకొను అస్త్రము

చేతినుండి విడిచిన రాయి మరల మన మాట వినదు. వింటినుండి వెడలిన బాణమును, తుపాకినుండి వెడలిన గుండును అట్టివే. విడుచుటకు ముందు గురి ఎంత సరిగా నుండునో అంత సరిగా అవి గమ్యమును చేరును. దారిలో తప్పు తెలిసినను దిద్దుటకు ఉపాయము లేదు. మానవుడు వేలకొలది సంవత్సరములు వాడిన విసరు ఆయుధములన్నియు ఈ జాతికి చెందినవే. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున వేరొక జాతి ఆయుధము వాడుకలోనికి వచ్చెను. అది విడిచిన పిమ్మట కూడ విడిచినవాని ఆజ్ఞను వినును. దారి తప్పినచో దిద్దుకొని పోవును. దానికి మార్గనియంత్రిత క్షిపణి యని పేరు.

అగ్నిపురాణములో ధనుర్వేదమును గూర్చిన భాగమున ఆయుధములను తరగతులుగా విభజించిరి. యంత్రముచేత విడువబడునది యంత్రముక్తము. చేతితో విడువబడునది పాణిముక్తము. విడువక చేత పట్టియే వాడునది అముక్తము. వీనితోపాటు ‘ముక్తసంధారితము’ అను తరగతియు చెప్పబడినది. విడువబడియు మరల పట్టులోనికి తెచ్చుకొనబడునది అని దాని అర్థము. ఈటె మొదలగువానిని అందు చేర్చిరి. దీనినిబట్టి పూర్వులకు క్షిపణులు తెలియునని ఊహించుట సరికాదు. కాని ఆ మాట మాత్రము మన పాఠమునకు చక్కగా అమరును. ఏలయన, మనమిప్పుడు తెలిసికొనబోవు క్షిపణి విడువబడియు పట్టులోనే యుండునట్టిది.

క్షిపణులలో ఖండములను దాటునవి కలవు; విమానములను కూల్చునవి కలవు. ఈ పాఠమునకు వానిలో మిక్కిలి చిన్నదియైన యొకదానిని తీసికొందము. అది పదాతి సైనికుడు మోసికొని పోదగినది. ట్యాంకును ఛేదించుటకు ఏర్పడినది. దానిని చదువునప్పుడు ఒక ప్రశ్నను మనస్సున నుంచుకొనవలెను: దారిలో కలుగు తప్పును చూచువారెవరు? దిద్దువారెవరు?

1. ట్యాంకు, పదాతి

ట్యాంకు మొదటిసారి యుద్ధరంగమునకు వచ్చినది 1916 సెప్టెంబరు 15వ తేదీన. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సులోని సోమ్ నదీ ప్రాంతమందు బ్రిటిషు సైన్యము దానిని ప్రయోగించెను. అప్పటి ట్యాంకులు నెమ్మదిగా నడచునవి, తరచుగా చెడిపోవునవి. అయినను వాని ఉక్కు కవచముపై తుపాకి గుండ్లు పనిచేయలేదు. కందకములో నిలిచిన పదాతికి ఎదురుగా వచ్చుచున్న ట్యాంకును ఆపుటకు తగిన సాధనము లేకపోయెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమునకు ట్యాంకులు వేగమును, దళసరి కవచమును, పెద్ద ఫిరంగిని సంపాదించుకొనెను. పదాతికిని కొన్ని ఆయుధములు దొరకెను. అమెరికా సైన్యము 1942లో బజూకా అను రాకెట్టు గొట్టమును వాడుకలోనికి తెచ్చెను. జర్మనులు పాంజర్‌ఫౌస్ట్ అను దానిని చేసిరి. దానిలో 30, 60, 100 అను రకములుండెను. ఆ అంకెలు అది ఎన్ని మీటర్ల దూరమువరకు పనికివచ్చునో తెలుపును. ముప్పది మీటర్లనగా మన పాఠశాల ఆవరణలో ఈ కొననుండి ఆ కొనకు కూడ చాలని దూరము. అంత చేరువకు ట్యాంకు వచ్చువరకు నేలపై పొంచియుండి, లేచి కొట్టి, బ్రతికి తిరిగివచ్చుట ఎంత కష్టమో ఊహింపుడు.

కావున ఆయుధమును రూపొందించువారి యెదుట రెండు ప్రశ్నలు నిలిచెను. మనుష్యుడు మోయగల చిన్న వస్తువు దళసరి ఉక్కును ఎట్లు ఛేదింపగలదు? అది వేయి, రెండువేల మీటర్ల దూరమునుండి ఎట్లు గురి తప్పక తగులగలదు?

2. చిన్న వస్తువు ఉక్కును తొలుచు విధము

ఫిరంగి గుండు తన బరువుచేతను వేగముచేతను కవచమును పగులగొట్టును. అంతటి వేగమును కలిగించుటకు బరువైన ఫిరంగి కావలెను. పదాతి దానిని మోయజాలడు. అందుచేత వేరొక మార్గమును వెదకవలసి వచ్చెను.

1888లో అమెరికా దేశపు చార్లెస్ మన్రో యను శాస్త్రజ్ఞుడు ప్రేలుడు పదార్థములతో పరీక్షలు చేయుచుండెను. ప్రేలుడు దిమ్మపై కొన్ని అక్షరములు లోనికి చెక్కబడి యుండెను. ఆ దిమ్మను ఉక్కు పలకకు ఆనించి ప్రేల్చినప్పుడు, ఆ అక్షరములు ఉక్కులో పల్లములై అచ్చుపడెను. ప్రేలుడు పదార్థము ఎక్కడ బోలుగా నున్నదో అక్కడ ప్రేలుడు శక్తి ఒకచోటికి చేరి ఎక్కువగా పనిచేసెనని దీనివలన తేలెను.

తరువాతి కాలమున ఈ సూత్రమును అభివృద్ధి చేసిరి. ప్రేలుడు పదార్థపు ముందుభాగమున గరాటువలె బోలు చేసి, ఆ బోలునకు పలుచని రాగి రేకును అమర్చుదురు. వెనుకనుండి ప్రేలినప్పుడు రాగి గరాటు లోనికి నలిగి, దాని లోహము సన్నని ధారగా ముందునకు చిమ్మును. ఆ ధార కొస వేగము సెకండుకు 8 కిలోమీటర్లకు మించి యుండవచ్చును. తుపాకి గుండు వేగము సెకండుకు ఒక కిలోమీటరునకు మించకుండుట సామాన్యము. దీనితో పోల్చి చూచిన ఆ ధార వేగము తెలియగలదు.

ఈ ధార ఉక్కును కరగించునని పలువురు తలంతురు. అది పొరపాటు. కరగించుటకు కొంత వ్యవధి కావలెను. ఇచ్చట అట్టి వ్యవధి లేదు. ధార తగిలినచోట ఒత్తిడి మిక్కుటముగా పెరుగుటచే ఉక్కు తన గట్టితనమును కోలుపోయి ద్రవమువలె ప్రక్కలకు తొలగును. మెత్తని మట్టికట్టను నీటిధార తొలుచునట్లే రాగిధార ఉక్కును తొలుచును.

ఇందులో గమనింపవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. ఆ ధార వేగము ప్రేలుడువలన పుట్టినది కాని క్షిపణి పరుగువలన పుట్టినది కాదు. కావున క్షిపణి నెమ్మదిగా వచ్చి తాకినను దాని పని జరుగును. నెమ్మదిగా పోవు వస్తువును దారిలో దిద్దుట సాధ్యము. మొదటి ప్రశ్నకు దొరకిన సమాధానమే రెండవ ప్రశ్నకు దారి చూపినది.

3. దూరము తెచ్చిన చిక్కు

ఇప్పుడు కొంచెము లెక్క చేయుదము. ట్యాంకు 3000 మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. గురిలో కేవలము ఒక డిగ్రీ తప్పు వచ్చినను, అంత దూరము పోవునప్పటికి ఆ తప్పు సుమారు 52 మీటర్లగును. ట్యాంకు వెడల్పు మూడు మీటర్లకు కొంచెము మించి యుండును. అనగా వస్తువు ట్యాంకునకు చాల దూరముగా పోయి పడును.

చిక్కు ఇంతటితో తీరదు. ట్యాంకు కదలుచుండును. దాని వేగము గంటకు 30 కిలోమీటర్లనుకొన్నచో సెకండునకు 8 మీటర్లకు పైగా నడచును. సెకండునకు 115 మీటర్లు పోవు క్షిపణి 3000 మీటర్లు పోవుటకు 26 సెకండ్లు పట్టును. ఆ 26 సెకండ్లలో ట్యాంకు సుమారు 217 మీటర్లు ముందునకు పోయి యుండును. మొదట గురి ఎంత బాగుగ చూచినను, ట్యాంకు ఉండిన చోటికే క్షిపణి చేరును కాని ట్యాంకును చేరదు.

కాబట్టి దూరమునుండి కొట్టదలచినప్పుడు మొదటి గురి చాలదు. దారి పొడవునను గురి చూచుచునే యుండవలెను. తప్పును కనిపెట్టుటయు, దిద్దుటయు, మరల చూచుటయు, మరల దిద్దుటయు — ఈ చక్రము ఎడతెగక తిరుగుచుండవలెను.

ఈ చక్రము మనకు క్రొత్తది కాదు. సైకిలు త్రొక్కువాడు చేయునది ఇదియే. బండి ఎడమకు ఒరిగినట్లు కన్నును, చెవిలోని సమతూక జ్ఞానమును తెలుపును. చేయి దానిని దిద్దును. క్రొత్తగా నేర్చుకొనువాడు ఆలస్యముగా దిద్దును, అవసరమునకు మించి దిద్దును. అందుచే బండి ఈ ప్రక్కకును ఆ ప్రక్కకును ఊగి తుదకు పడవేయును. అభ్యాసము కలవాడు చిన్న తప్పును చిన్నదిగా నున్నప్పుడే దిద్దును. చూచువారికి వాడు తిన్నగా పోవుచున్నట్లే కనబడును. నిజమునకు వాడు క్షణక్షణము తప్పుచు, క్షణక్షణము దిద్దుకొనుచు పోవుచున్నాడు.

4. పెట్టెలో పట్టు క్షిపణి

రెండవ ప్రపంచయుద్ధపు చివరి సంవత్సరములలో జర్మనీలో ఎక్స్-7 అను చిన్న క్షిపణిని రూపొందించిరి. సన్నని లోహపు తీగెద్వారా దానికి ఆజ్ఞలు పంపు ఏర్పాటు చేసిరి. కాని యుద్ధము ముగియుటచే అది విరివిగా వాడుకలోనికి రాలేదు. యుద్ధానంతరము ఫ్రాన్సు ఆ మార్గమున ముందడుగు వేసెను. ఎస్.ఎస్.-10 అను ఫ్రెంచి క్షిపణి 1955లో సైన్యమున చేరెను.

సోవియట్ యూనియన్‌లో తయారై 1963లో సైన్యమున చేరిన ‘మల్యూత్క’ ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ మాటకు రష్యన్ భాషలో ‘చిట్టిది’, ‘పసిపాప’ అని అర్థము. పేరునకు తగినట్లు దాని పొడవు 86 సెంటీమీటర్లు; బరువు సుమారు 11 కిలోగ్రాములు. దాని రెక్కలు మడచుకొనును. ముందుభాగమును విడదీసి, గాజునారతో చేసిన పెట్టెలో సర్దుదురు. పెట్టె మూతయే ప్రయోగ వేదిక యగును. ముగ్గురు సైనికు లొక జట్టు. ఇద్దరు చెరియొక పెట్టెను మోయుదురు. మూడవవాడు నియంత్రణ యంత్రమును మోయును.

యుద్ధరంగమున పెట్టెను తెరచి, ముందుభాగమును బిగించి, రెక్కలు విప్పి, మూతపై క్షిపణిని నిలుపుదురు. ప్రయోక్త దానికి 15 మీటర్ల వరకు దూరముగ, గోతిలోనో గుట్ట చాటుననో కూర్చుండవచ్చును. అతని యెదుట పెరిస్కోపు ఉండును. అది వస్తువును ఎనిమిది రెట్లు పెద్దదిగ చూపును. అతని చేతి క్రింద చిన్న పిడి యుండును.

క్షిపణి లేచినతోడనే దాని వెనుక సన్నని తీగె కండెనుండి విడివడుచు పోవును. గాలిపటమునకు దారము విడుచునట్లు ఇచ్చటను తీగె విడువబడును. ఒక భేదము మాత్రము కలదు. గాలిపటపు దారము దానిని లాగి పట్టును. ఈ తీగె లాగదు, విద్యుత్సంకేతములను మోయును. ప్రయోక్త పిడిని ఎడమకు వంచినచో ఆ సంకేతము తీగెవెంట పోయి, క్షిపణి వెనుకనుండి వెడలు వాయుధారను ప్రక్కకు మరల్చును. అందుచే క్షిపణి ఎడమకు తిరుగును.

ఇచ్చట ఒక సందేహము కలుగవలెను. మల్యూత్క తన చుట్టు తాను సెకండునకు ఎనిమిదిసార్లకు పైగా తిరుగుచు పోవును. అట్లు తిరుగు వస్తువునకు ‘ఎడమ’ యనగా ఏది? ఈ క్షణమున ఎడమగా నున్న ప్రక్క మరుక్షణమున పైకో క్రిందికో పోవును గదా! ఈ చిక్కును గైరోస్కోపు విడదీయును. వేగముగా తిరుగు బొంగరము తన ఇరుసును ఒకే దిక్కునకు నిలుపుకొనును. క్షిపణిలోని గైరోస్కోపు అట్టి బొంగరమే. క్షిపణి ఎన్నిసార్లు తిరిగినను అది మాత్రము దిక్కు మారదు. దానితో పోల్చుకొని క్షిపణిలోని యంత్రము ఏ క్షణమున ఏ ప్రక్క ఎడమయో తెలిసికొని ఆజ్ఞను నెరవేర్చును.

5. సైనికునిపై పడు భారము

పై యేర్పాటులో తప్పును చూచునది మనుష్యుని కన్ను. దిద్దునది మనుష్యుని చేయి. కదలు ట్యాంకును, ఎగురు క్షిపణి తోకయందలి వెలుగును అతడు ఏకకాలమున చూడవలెను. రెంటిని ఒక రేఖపైకి తేవలెను. 26 సెకండ్లు కన్ను మరల్పరాదు, చేయి వణకరాదు. ఆ 26 సెకండ్లలో ప్రక్కన గుండ్లు పడుచుండవచ్చును.

ప్రయోగమున లేచిన పొగను, ధూళిని శత్రువు చూచియుండవచ్చును. క్షిపణి కంటె ఫిరంగి గుండు ఎన్నో రెట్లు వేగము కలది. కావున ట్యాంకు సైనికులు వెంటనే ఆ చోటికి కాల్చినచో, క్షిపణి ట్యాంకును చేరకమునుపే గుండు ప్రయోక్తను చేరవచ్చును. అతడు లేచి పరుగెత్తినచో ప్రాణము దక్కవచ్చును గాని క్షిపణి నేలపాలగును. మొదటి తరపు క్షిపణి కథయంతయు ఈ కొలది సెకండ్లలో నున్నది.

దీనికి మల్యూత్కలో మరియొక లోపము తోడయ్యెను. విడిచిన వెంటనే క్షిపణి ప్రయోక్త గురిరేఖలో నుండదు. అతడు దానిని చూచి, పట్టుకొని, రేఖపైకి తెచ్చునప్పటికి అది కొన్ని వందల మీటర్లు పోయి యుండును. అందుచే 500 మీటర్లకు లోపల వచ్చిన ట్యాంకుపై అది పనికిరాదు. అంత చేరువకు వచ్చినవానికి వేరొక ఆయుధము కావలెను. ఇట్టి కష్టములవలన ప్రయోక్తలను యుద్ధరంగమునకు పంపుటకు ముందు అభ్యాస యంత్రములపై వేలకొలది పర్యాయములు సాధన చేయింపవలసి వచ్చెను.

6. 1973 నేర్పిన పాఠము

1973 అక్టోబరు 6వ తేదీన ఈజిప్టు సైన్యము సూయజ్ కాలువను దాటి, ఇజ్రాయేలు అధీనములో నుండిన సీనాయి ఎడారిలో అడుగిడెను. ముందుగా దాటిన పదాతి దళములు మల్యూత్కలను, దగ్గరగా కొట్టు ఆర్.పి.జి.-7 రాకెట్టులను మోసికొని పోయెను. దూరమునుండి వచ్చు ట్యాంకునకు మొదటిది, చేరువకు వచ్చినదానికి రెండవది. పదాతి తోడు లేక ఎదురుదాడికి వచ్చిన ఇజ్రాయేలు ట్యాంకులు మొదటి దినములలో, ముఖ్యముగా అక్టోబరు 8వ తేదీన, పెక్కు నష్టపడెను. ఆ నష్టమంతయు క్షిపణులవలననే కలిగెనని చెప్పరాదు. ట్యాంకు ఫిరంగులును, రాకెట్టులును తమ పని తాము చేసెను. అయినను మనుష్యుడు మోయు పెట్టెకు ట్యాంకు వెరవవలసిన దినము వచ్చెనని లోకము గ్రహించెను.

ఇజ్రాయేలు సైనికులు త్వరలోనే ఉపాయము కనిపెట్టిరి. వారు క్షిపణిని ఎదిరింపలేదు. క్షిపణిని నడపు మనుష్యుని ఎదిరించిరి. క్షిపణి కనబడినతోడనే ట్యాంకులు వంకరటింకరగా నడచెను. అది వచ్చిన దిక్కునకు తుపాకులును ఫిరంగులును ఎడతెగక కాల్చెను. ప్రయోక్త చచ్చినను, బెదరి కన్ను మరల్చినను, చేయి తొట్రుపడినను చాలును. చక్రము తెగిపోవును. తప్పును దిద్దువాడు లేనప్పుడు క్షిపణియు విసరిన రాయియే యగును.

7. దిద్దుబాటు యంత్రమునకు చేరుట

మనుష్యుని భారమును తగ్గించుటకు రెండవ తరపు క్షిపణులు ఏర్పడినవి. అమెరికాలో టో అనునది, ఫ్రాన్సు జర్మనీలు కలిసి చేసిన మిలాన్ అనునది 1970 ప్రాంతమున సైన్యములలో చేరెను. వీనిలో ప్రయోక్త క్షిపణిని నడపడు. గురిదర్శినిలో అడ్డగీతయు నిలువుగీతయు కలియు చోటును ట్యాంకుపై నిలిపి యుంచుటయే అతని పని. క్షిపణి తోకయందలి వెలుగును గురిదర్శినిలోని పరారుణ సాధనము కనిపెట్టుచుండును. ఆ వెలుగు రేఖనుండి ఎంత తొలగినదో యంత్రమే లెక్కించి, తీగెవెంట ఆజ్ఞను పంపును. తప్పును చూచుటయు దిద్దుటయు యంత్రమునకు చేరెను. గురిని నిలుపుట మాత్రము మనుష్యునకు మిగిలెను.

దీనివలన శిక్షణ సులభమాయెను, వేగము పెరిగెను. మిలాన్ 2000 మీటర్ల దూరమును పండ్రెండు, పదమూడు సెకండ్లలో పోవును. కాని ఆ కొలది సెకండ్లును ప్రయోక్త కదలక నిలువవలసినదే. మరియు యంత్రమును మోసగింపవచ్చును. ట్యాంకుపై ప్రకాశవంతమైన పరారుణ దీపము నుంచినచో, క్షిపణి వెలుగు ఏదో దీపపు వెలుగు ఏదో గురిదర్శిని గుర్తింపలేక భ్రమపడవచ్చును.

మూడవ తరములో కన్ను క్షిపణి ముక్కునకే చేరెను. వేడి గల ప్రతి వస్తువును పరారుణ కిరణములను వెలువరించును. చుట్టునున్న నేలకంటె ట్యాంకు యంత్రము వేడిగా నుండును. ఆ వేడిమి భేదమును బొమ్మగా మలచు కన్ను క్షిపణి ముందుభాగమున నుండును. ప్రయోక్త విడుచుటకు ముందే ఆ బొమ్మలో ట్యాంకును గుర్తించి చూపును. విడిచిన పిమ్మట క్షిపణి తానే బొమ్మను చూచుకొనుచు, తానే దారి దిద్దుకొనుచు పోవును. తీగె లేదు. సైనికుడు వెంటనే ఆ చోటు విడిచి పోవచ్చును. 1996లో అమెరికా సైన్యమున చేరిన జావెలిన్ ఈ జాతిది. అది పైకెగసి, కవచము పలుచగా నుండు ట్యాంకు పైకప్పుమీదికి దిగును. 2022లో రష్యా దండెత్తినప్పుడు యుక్రెయిన్ సైనికులు దీనిని విరివిగా వాడిరి.

ఈ కన్నునకును బలహీనత కలదు. మండుటెండలో ఇసుకయు బండలును ట్యాంకువలెనే కాగియుండును. వేడిమిలో భేదము తక్కువైనప్పుడు బొమ్మ స్పష్టముగా నుండదు. ఎడారి దేశమునకు క్షిపణిని చేయువారు ఈ చిక్కును ముఖ్యముగా పరిష్కరింపవలసి యుండును.

8. మన దేశమున

భారతదేశమున ఈ విద్యకు హైదరాబాదు ముఖ్యస్థానము. రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల 1960 దశకపు తొలి సంవత్సరములలో ఢిల్లీలో ఏర్పడి హైదరాబాదునకు తరలెను. భారత్ డైనమిక్స్ అను ప్రభుత్వ సంస్థ 1970లో హైదరాబాదున స్థాపింపబడెను. ఫ్రాన్సునుండి అనుమతి పొంది అది మొదట తయారుచేసినది ఎస్.ఎస్.-11 జాతికి చెందిన తీగె క్షిపణియే. అటుపిమ్మట మిలాన్‌ను, రష్యా నమూనా యగు కొంకుర్స్‌ను అచ్చటనే తయారుచేసిరి. హైదరాబాదునకు సమీపమున భానూరులో దాని కర్మాగారము కలదు.

పరుల నమూనాలను చేయుటతో తృప్తి చెందక 1983లో స్వదేశీ క్షిపణుల పథకమును ప్రారంభించిరి. రామేశ్వరమున జన్మించిన డాక్టర్ అబ్దుల్ కలామ్ దానికి నాయకుడు. ఆ పథకమందలి ఐదు క్షిపణులలో ట్యాంకు విధ్వంసక క్షిపణికి ‘నాగ్’ అని పేరు పెట్టిరి. 1990లో దానిని తొలిసారి పరీక్షించిరి. ఇది వాహనమునుండి ప్రయోగించునది. సుమారు 43 కిలోల బరువు కలది. కన్ను తనలోనే కలది. ఎడారి వేడిమిలో లక్ష్యమును గుర్తించుట దీనికి చిరకాలము పరీక్షగా నిలిచెను.

పదాతి మోయదగిన స్వదేశీ క్షిపణి ఆ తరువాత వచ్చెను. దాని బరువు 15 కిలోలకు లోపు. అది రెండున్నర కిలోమీటర్లవరకు పోవును. విడిచిన పిమ్మట తానే దారి దిద్దుకొనును. 2018 నుండి దానిని పలుమారులు పరీక్షించిరి. 2019 సెప్టెంబరు 11న ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు పరీక్షా క్షేత్రమున జరిగిన ప్రయోగము వానిలో నొకటి.

9. తుది దిద్దుబాటు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరల వత్తము. తప్పును చూచువారెవరు? దిద్దువారెవరు? మొదటి తరములో రెండును మనుష్యుడే. రెండవ తరములో గురి మనుష్యునిది, దిద్దుబాటు యంత్రముది. మూడవ తరములో విడిచిన పిమ్మట అంతయు క్షిపణిదే. ప్రతి మెట్టునను సైనికుని ప్రాణమునకు రక్షణ పెరిగెను. అది మేలే. గోతిలో 26 సెకండ్లు కదలక కూర్చుండు బాలుని తల్లికి ఆ మేలు విలువ తెలియును.

అయితే మరియొక మాట కలదు. తీగె యున్నంతకాలము ప్రయోక్త తన పొరపాటును దారిలో గ్రహించినచో, అది తన పక్షపు వాహనమని గాని, నిరపరాధుల వాహనమని గాని తెలిసినచో, చేయి వంచి క్షిపణిని నేలకు దింపగలడు. తానే దారి చూచుకొను క్షిపణికి ఆ అవకాశము సాధారణముగా లేదు. ఇజ్రాయేలు చేసిన స్పైక్ వంటి కొన్నింటిలో సన్నని గాజుతీగెద్వారా బొమ్మను ప్రయోక్తకు చూపి, దారిలోను మార్చుకొను వీలు కల్పించిరి. అనగా తీగె పూర్తిగా పాతబడలేదు. మనుష్యునికి తుది మాట మిగుల్చుటకై అది క్రొత్త రూపమున తిరిగివచ్చెను.

ట్యాంకు అనునది ఉక్కు మాత్రమే కాదు. దానిలో ముగ్గురో నలుగురో మనుష్యులుందురు. వారును ఏదో యింటి బిడ్డలే. యంత్రము గురి తప్పును దిద్దగలదు; గురి పెట్టవలెనా వలదా యను నిర్ణయమందలి తప్పును దిద్దజాలదు. విడుచుటకు ముందు క్షణమున చేయదగిన ఆ దిద్దుబాటు ఏ తరములోనైనను మనుష్యునిదే.

విద్యార్థులు ఈ పాఠమునుండి యుద్ధమును గాక సూత్రమును గ్రహింపవలెను. గమ్యమును చూచుట, తప్పును కొలుచుట, చిన్నదిగా నున్నప్పుడే దిద్దుట — ఓడ చుక్కాని, విమానపు స్వయంచాలకము, వేడి మించగనే ఆగిపోవు ఇస్త్రీపెట్టె ఈ సూత్రముపైననే నడచును. తల్లిదండ్రులు కూడ ఒక సంగతి గమనింపగోరెదము. ఇల్లు దాటినంత వేరొక భాష వినవచ్చు ఊళ్లలో మన పిల్లలు పెరుగుచున్నారు. ఆ భాషను వారు చక్కగా నేర్వవలసినదే. అయినను బొంగరము, గాలిపటము, సైకిలు అను ఇంటి మాటలతో గైరోస్కోపును, నియంత్రణను గ్రహించిన పిల్లవాడు ఆ విషయమును రేపు ఏ భాషలోనైనను చెప్పగలడు. తెలిసినది ముందు తన మాటలో తెలియవలెను.

అభ్యాసము

1. క్షిపణి నెమ్మదిగా వచ్చి తాకినను కవచమును ఎట్లు ఛేదించును? రాగిధార ఉక్కును కరగించుననుట ఏల సరికాదు?
2. ట్యాంకు 2000 మీటర్ల దూరమున నున్నది. గంటకు 36 కిలోమీటర్ల వేగమున అడ్డముగా పోవుచున్నది. సెకండునకు 100 మీటర్లు పోవు క్షిపణి ఆ దూరము చేరునప్పటికి ట్యాంకు ఎంత దూరము జరుగును?
3. తన చుట్టు తాను తిరుగు క్షిపణి ‘ఎడమ’ను ఎట్లు గుర్తించును? బొంగరముతో పోల్చి వ్రాయుము.
4. 1973లో ఇజ్రాయేలు సైనికులు క్షిపణిని గాక ప్రయోక్తను ఎదిరించుటకు కారణమేమి?
5. మూడు తరముల క్షిపణులలో మనుష్యుని పని ఎట్లు మారెనో పట్టికగా వ్రాయుము. ఏ పని ఎన్నటికిని యంత్రమునకు అప్పగింపరాదని నీ అభిప్రాయము? కారణములతో వివరింపుము.